తోడుపిండిలో ఉప్పు కేసు

శనివారం మధ్యాహ్నం రెండు దాటిందంటే తొమియె గారి పెరట్లో కోర్టు మొదలయ్యేది. పనికిరాని ఇంటి పెంకులతో కట్టిన పొయ్యి ఒకటి, ఒక కాలి కింద ఇటుక పెట్టిన బల్ల ఒకటి, మూడు కుర్చీలు. అంతే కోర్టు. పొయ్యి వేడెక్కేదాకా నేనూ, సెలూన్ ఒచియాయీ చెరో పేపరు పట్టుకుని వార్తలు చదివేవాళ్ళం. ఆవిడ పిండి చేతులతో తీర్పులు చెప్పేది.

ఇసోనో తొమియె గారికి అరవై ఏడేళ్ళు. ముప్పై ఒక్కేళ్ళపాటు మా ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండింది. అందుకని ఆవిడ వేసే శిక్షలన్నీ వంటగది శిక్షలే. సభలో కునుకు తీస్తున్న ఎంపీ ఫొటో చూపిస్తే, వారం రోజులు పాలు లేకుండా ఉత్త రొట్టె పెట్టమనేది. మా దీవికి వంతెన కడతానని నాలుగు ఎన్నికలుగా చెబుతున్న మేయరుకి నెల్లాళ్ళు గిన్నెలు తోమే పని పడింది. సైకిలు తొక్కేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం వచ్చినప్పుడు, ఎవరికి శిక్ష వెయ్యాలో తోచక, ఇది రాసినవాడు జన్మలో సైకిలెక్కి ఉండడని తేల్చేసింది. వాదనల్లేవు, సాక్షుల్లేరు. వార్త సగం చదివేసరికే తీర్పు పడిపోయేది. ఒచియాయి ఆవిడకి సుప్రీంకోర్టు అక్క అని పేరు పెట్టాడు. ఆ పేరు చేపల బజారు దాకా పాకింది.

ఆ పొయ్యి ఆవిడ మొగుడు కట్టింది. ఆయన పెంకుల బట్టీలో పనిచేసేవాడు. చిలగడదుంపలు కాల్చుకోవడానికి కట్టి, రెండు చలికాలాలు కాల్చుకుని, చల్లగా కన్నుమూశాడు. బడి నుంచి రిటైరయ్యాక ఈవిడ లైబ్రరీ నుంచి ఓ పుస్తకం తెచ్చి, గోధుమపిండిలో నీళ్ళు కలిపి సీసాలో పెట్టింది. దానంతటదే పులిసింది. రోజూ కాస్త కొత్త పిండి పెట్టి దాన్ని బతికించుకుంటూ వచ్చింది. ఈస్టు అక్కర్లేదు, ఆ తోడుపిండే పిజ్జా రొట్టెని పొంగిస్తుంది. పైన చీజూ, ఉల్లికాడలూ, మా సముద్రంలో దొరికే దారమంత సన్నని తెల్ల చేపపిల్లలూ గుప్పెడు. పొయ్యి మొగుడిది, సీసా నాది అనేది. ఆ సీసాకి పోయిన మార్చికి ఏడేళ్ళు నిండాయి.

నా పేరు కజితాని. ముప్పై ఎనిమిదేళ్ళు రేవులో ఫెర్రీ టికెట్లు అమ్మాను. ఆ కోర్టులో నా ఉద్యోగం అడ్డం చెప్పడం. ఆవిడ తూర్పంటే నేను పడమర అనాలి, లేకపోతే ఆవిడకి పిజ్జా రుచించదు. వంతెన వస్తే మంచిదేనని నేనోసారి అన్నందుకు, ముప్పై ఎనిమిదేళ్ళు పడవ తిండి తిని వంతెనని పొగుడుతున్న విశ్వాసఘాతకుడినని నాకు అంచు ముక్క వేసింది. నాకు అంచు ముక్కలే ఇష్టమని ఆవిడకి తెలుసు.

ఆ మధ్యాహ్నాలు నాకిప్పుడు కలలో చూసినట్టుగానే గుర్తొస్తాయి. పెరటి గోడ అవతల సముద్రం కదిలేది కాదు. దీవులు నీళ్ళమీద కాకుండా తెల్లటి ఆవిరి మీద కూర్చున్నట్టుండేవి. పొయ్యి వేడికీ, గాలిలో కలిసిన పిండి వాసనకీ కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తొమియె గారి గొంతు వినిపించేది, ఎవరో మంత్రికి క్యారెట్లు తరగమని శిక్ష వేస్తూ. అంత ధీమాగా లోకాన్ని చక్కబెట్టే గొంతు వింటూ కునుకు తీయడంలో ఒక సుఖం ఉంది.

కిందటి అక్టోబరులో ఒచియాయి ఒక వార్త చదివాడు. ఎక్కడో ఉత్తరాన, యాభై దాటిన కొడుకు మతి తప్పిన తల్లికి తొమ్మిదేళ్ళు సేవ చేసి, ఒక రోజు ఆవిడ మొహం మీద దిండు అదిమాడు. తర్వాత తనే పోలీసులకి ఫోన్ చేశాడు. తొమియె గారు పిండి ఒత్తడం ఆపకుండానే, "ఉరి" అంది.

ఏడేళ్ళలో ఆవిడ నోట వంటగది దాటిన శిక్ష అదొక్కటే. తొమ్మిదేళ్ళు చేశాడు కదండీ అని నేను గొణిగాను.

"తొంభై ఏళ్ళు చెయ్యనీండి. కన్నతల్లి ఊపిరి తీసినవాడికి ఇంకా విచారణేంటి కజితానీ గారూ? ఆ పళ్ళేలు ఇటివ్వండి."

పళ్ళేలిచ్చాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

ఎందుకో చెబుతాను. నా భార్య హరుయోకి మతి తప్పి ఆరేళ్ళు నేనే చూసుకున్నాను. అందులో నాలుగో ఏడు, ఆగస్టు నెల. ఒక మధ్యాహ్నం తన గదిలో ఏసీ ఆపేసి, కిటికీలు మూసి, బయట గడియ పెట్టి, రేవుకెళ్ళి కూర్చున్నాను. మరిచిపోయి కాదు, తెలిసే. ఆ ఎండలకి ఊళ్ళో ముసలివాళ్ళు ఇళ్ళల్లోనే పోతున్న రోజులవి. నేను తిరిగొచ్చాను, తనకేం కాలేదు. రెండేళ్ళ తర్వాత ఆస్పత్రిలో న్యుమోనియాతో పోయింది. శవం దగ్గర ఊరంతా నన్ను, ఇలాంటి మొగుడు వెయ్యిమందిలో ఒక్కడుంటాడు అన్నారు. నేను వంగి దణ్ణాలు పెట్టాను.

ఆ సంగతి మింగలేక కక్కలేక పదేళ్ళుగా తిరుగుతున్నాను. చెబితే తొమియె గారికే చెప్పాలనుకునేవాణ్ణి. తిడుతుంది, గిన్నెలు తోమమంటుంది, తోముతాను, అయిపోతుంది. చాలాసార్లు పెదాల దాకా వచ్చింది. ఆ ఉరి అన్న మాటతో ఆ తలుపు మూసుకుపోయింది. ఆవిడకి తెలియకుండానే నాకూ తీర్పు చెప్పేసింది.

మోకాలి నొప్పి అని మూడు శనివారాలు వెళ్ళలేదు. నాలుగో శనివారం తొమియె గారు గుడ్డలో చుట్టిన పిజ్జాతో మా గుమ్మంలో నిలబడి, వాదించేవాడు లేకపోతే మేయరు కూడా మంచివాడిలా కనిపిస్తున్నాడండీ, రండి అంది. వెళ్ళాను. ఏం చెయ్యను, నాకు మాత్రం ఇంకెవరున్నారు.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఉదయం తొమియె గారు ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని మా వరండాలో కూర్చుంది. నగరంలో ఉన్న వాళ్ళక్కకి బాగా లేదట, పదకొండు రోజులు వెళ్తోందట. రోజూ పొద్దున చెంచాడు పిండి, చెంచాడు నీళ్ళు వేసి కలపాలి, అంతకుమించి ఏమీ చెయ్యకూడదు. ఈ మాట మూడుసార్లు చెప్పింది. చెబుతున్నంతసేపూ నా మొహం కాకుండా చెప్పుల స్టాండు చూసింది. ఒంటిమీద ముదురు నీలం సూటు. టికెట్లు అమ్మినవాణ్ణి, వెళ్ళే చోటు గురించి అబద్ధమాడే మనిషి మొహం నాకు తెలుసు. అడగలేదు. టికెట్ల కిటికీ దగ్గర ఎవరినీ అడగం.

సీసాని వంటింట్లో హరుయో తవుడు కుండ పక్కన పెట్టాను. ఆ కుండలో తవుడులో దోసకాయలూ ముల్లంగీ ఊరుతాయి. దాన్ని రోజూ అడుగు నుంచీ చేత్తో కలపాలి, లేకపోతే పాడవుతుంది. పెళ్ళయిన కొత్తలో తన అత్తగారి దగ్గర్నుంచి, అంటే మా అమ్మ దగ్గర్నుంచి, తెచ్చుకుంది. నా పేరు మరిచిపోయాక కూడా తన చేయి ఆ కుండని మరిచిపోలేదు. తను పోయాక నేను కలుపుతున్నాను. పొద్దున కుండ, తర్వాత సీసా. రెండు ప్రాణాలకి తిండి పెట్టినట్టు ఉండేది. సీసాలో బుడగలు మెల్లగా లేచి పగులుతుంటే చూస్తూ కూర్చుంటే గంటలు తెలిసేవి కావు.

అవి ఊరి ఎన్నికల రోజులు. ప్రచారం వ్యాను సందుసందూ తిరుగుతూ ఒక పేరే పదేపదే చెప్పి, తెల్ల చేతి తొడుగుల్ని కిటికీల్లోంచి ఊపుతూ వెళ్ళిపోయేది. తొమియె గారుంటే ఆ తొడుగులకి కూడా శిక్ష పడేది. లేకపోయేసరికి ఆ పేర్లన్నీ ఒకేలా వినిపించి, జోలపాట లాగా నిద్ర పట్టించేవి.

అయిదో రోజు సీసా పైన నల్లని నీళ్ళు తేలి, సారా వాసన వేసింది. ఏడేళ్ళ ప్రాణి, నా చేతిలో పోతోందనుకున్నాను. ఎవరిని అడగాలి? ఆ మధ్యాహ్నం చాప మీద నడుం వాల్చి, నిద్రో మెలకువో తెలియని మత్తులో ఉంటే, వంటింట్లోంచి హరుయో మాట్లాడింది. మతి తప్పకముందరి గొంతు. వాసన వస్తే ఉప్పు వెయ్యాలండీ, గుప్పెడు, అడుగు నుంచీ కలపాలి, చెంచాతో కాదు, చేత్తో. తవుడు కుండకి తను నేర్పిన మాటే అది. లేచి వెళ్ళి గుప్పెడు ఉప్పు సీసాలో పోసి, చెయ్యి దూర్చి కలిపాను. చల్లగా, మెత్తగా, లోపల ఎవరో నా వేళ్ళు పట్టుకున్నట్టు ఉంది. కాసేపు అలాగే ఉంచాను.

మర్నాటికి వాసన పోయింది. బుడగలూ పోయాయి. హాయిగా పడుకుందనుకున్నాను.

తొమియె గారు గురువారం సాయంత్రం ఫెర్రీలో దిగింది. అదే నీలం సూటు. నాలుగు కిలోలు తగ్గినట్టు కనిపించింది. సీసా తీసుకుని, శ్రమ ఇచ్చానని వంగి దణ్ణం పెట్టి వెళ్ళింది. అక్కకెలా ఉందని అడిగితే, బాగానే ఉందండీ అంది.

శనివారం కోర్టుకి వెళ్ళాం. ఒచియాయి మేయరు మళ్ళీ గెలిచాడని చదివాడు. ఆవిడ ఊఁ అంది. టాక్సు పెంచుతారట అన్నాడు. పొయ్యిలో కట్టె సర్దింది. సముద్రం ఎప్పటిలాగే ఉంది, దీవులు ఆవిరి మీద కూర్చునే ఉన్నాయి. ఒక్క గొంతు లేక పెరడంతా ఖాళీ చేసిన ఇల్లులా ఉంది. నేను కావాలని వంతెన మాటెత్తి, కట్టాల్సిందే అన్నాను. కట్టనివ్వండి అంది. అప్పుడు నాకు భయం వేసింది.

ఒచియాయి నోట్లో నువ్వుగింజ నానదు. పేజీ తిప్పి ఇంకో వార్త అందుకున్నాడు. గురువారం నగరం కోర్టులో తీర్పు వచ్చిందట. డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలాయన, మంచంలో ఉన్న భార్యని ఎనిమిదేళ్ళు చూసుకుని, చివరికి తన చేతులతోనే చంపాడు. మూడేళ్ళ శిక్ష, కానీ అయిదేళ్ళు బుద్ధిగా ఉంటే జైలుకి వెళ్ళక్కర్లేదు. నా చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

"చూశావా అక్కా?" అన్నాడు ఒచియాయి. "ఇంటికి పొమ్మన్నారు. జడ్జీలంటే చదువుకున్న మొద్దులు, వాళ్ళనొదిలేయ్. జనంలోంచి చీటీ తీసి జడ్జీల పక్కన కూర్చోబెట్టిన ఆరుగురున్నారు చూడు, వాళ్ళకేం రోగం? ఇళ్ళల్లో పెళ్ళాలూ తల్లులూ లేరా? నువ్వైతే ఏం చేసేదానివి?"

తొమియె గారు చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. పొయ్యి వెలిగాక ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ ఆరుగురిలో నేనున్నాను ఒచియాయీ."

వాడు నోరు తెరిచాడు.

"ఉన్నానని చెప్పొచ్చు. అది అయిపోయింది కాబట్టి చెబుతున్నా. ఆ గదిలో ఎవరేమన్నారో, నేనేమన్నానో మాత్రం చచ్చేదాకా చెప్పకూడదు. అది చట్టం. నువ్వడక్కు, నేను చెప్పను. నీకు నచ్చకపోతే నచ్చలేదని మళ్ళీ చెప్పు, వింటాను."

ఒచియాయికి మూడింటికి ఎవరికో జుట్టు కత్తిరించాలని గుర్తొచ్చి, మొహం ఎర్రబడి, చెప్పులు తారుమారుగా వేసుకుని వెళ్ళిపోయాడు. మాకు తీర్పులు చెప్పే మనిషి అసలు కోర్టులో పదకొండు రోజులు కూర్చుని వచ్చింది, దాని గురించి ఇక ఒక్క మాట మాట్లాడలేదు. నోరు ఊరుకోని మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఎవరు వెయ్యగలరు? నాకు ఆవిడ మీద జాలి ముంచుకొచ్చింది.

పిజ్జా తీసి బల్ల మీద పెట్టింది. పొంగలేదు. పొయ్యి పెంకులకి తమ్ముడిలా ఉంది. ఒక ముక్క కొరికి, మెల్లగా నమిలి, నావైపు చూసింది.

"ఇందులో ఉప్పు వేశారా కజితానీ గారూ?"

వేశానన్నాను. పాత తొమియె గారైతే ఈపాటికి తీర్పు అయిపోయేది. ఏడాదిపాటు పిజ్జా బంద్, సీసాకి క్షమాపణ, ఊరంతా చాటింపు. నేను తల వంచుకుని సిద్ధంగా కూర్చున్నాను.

"ఎందుకు వేశారు?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. నల్లనీళ్ళ గురించి చెప్పాను. తర్వాతేం జరిగింది అంది. వాసన, చాప, హరుయో గొంతు, తవుడు కుండ, అన్నీ చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. గుప్పెడంటే ఎంత, మీ గుప్పెడా, ఆవిడ గుప్పెడా అని మాత్రం అడిగింది. ఆవిడదే అన్నాను. తల ఊపింది. ఏడేళ్ళలో ఆవిడ ఇంతసేపు ఒక మనిషి మాట వినడం అదే మొదలు. ఎక్కడో పెద్ద గదిలో, గట్టి కుర్చీలో, ఇలాగే పదకొండు రోజులు విని ఉంటుందని నాకు తెలిసిపోయింది.

ఉప్పు సంగతి అయిపోయాక నా నోరు ఆగలేదు. నాకే తెలియకుండా ఆగస్టు మధ్యాహ్నంలోకి వెళ్ళిపోయాను. ఏసీ, కిటికీలు, గడియ. చెబుతుంటే ఎండ వాసన కూడా వచ్చింది. ఆవిడ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"తెలిసే చేశారా?"

"తెలిసే."

"ఎంతసేపున్నారు రేవులో?"

"నలభై నిమిషాలు. రేవు గడియారం చూస్తూనే ఉన్నాను."

"మరెందుకు తిరిగొచ్చారు?"

నన్ను నేను కూడా అడగని ప్రశ్న అది. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి నిప్పుల్లో పడింది.

"దాహం వేసిందండీ. డబ్బులేసే మెషీన్లో చల్లటి టీ సీసా కొనుక్కుని మూత తీశాను. నాకే ఇంత దాహంగా ఉంటే, తనకెలా ఉంటుంది అనిపించింది. అంతే. సీసా అక్కడే వదిలేసి పరిగెత్తాను."

"తలుపు తీసేసరికి?"

"చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. నన్ను చూసి నవ్వింది. ఆ వేళకి నేనెవరో గుర్తొచ్చింది తనకి. 'వచ్చారా, పడవ ఆలస్యమైందా?' అంది."

అక్కడికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. తను పోయిన రోజున కూడా రాని ఏడుపు. డెబ్బై నాలుగేళ్ళ ముసలాణ్ణి, చీజు అంటిన కాగితం రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, చూపు కూడా తిప్పుకోలేదు.

"నాకూ ఉరేనా తొమియె గారూ?" అన్నాను చివరికి.

అక్టోబరులో తను అన్న మాట ఆవిడకి గుర్తొచ్చింది. మొహంలో తెలిసింది. ఏదో చెప్పబోయి ఆగింది. అది చెప్పకూడని మాట కాబట్టో, ఏం చెప్పాలో తెలియకో, నాకు తెలియదు. అడగను కూడా.

"ఆవిడకి నీళ్ళిచ్చారా?" అంది.

"ఇచ్చాను. రెండు గ్లాసులు తాగింది."

"చల్లనివా?"

"బార్లీ టీ. ఫ్రిజ్‌లోది."

ఆవిడ తల ఊపి, మిగిలిన పిజ్జాని రెండు చేసి, అంచు ఎక్కువున్న ముక్క నా పళ్ళెంలో పెట్టింది. సీసా మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి, వారం పడుతుంది, రోజూ పొద్దున వచ్చి మీరే పిండి పెట్టాలి, ఉప్పు దగ్గరికి మాత్రం వెళ్ళకండి అంది. సరేనన్నాను. దీవుల మీద ఆవిరి పలచబడుతోంది, నాలుగింటి ఫెర్రీ కూత వేసింది, ఈ రోజు వేళకే వచ్చింది.

పిజ్జా కటిక ఉప్పగా ఉంది. ఇద్దరం ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాం.